ఫ్రీకోడ్‌క్యాంప్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ కోర్సు: తెలుగు పేజీలు కట్టదలచినవారి కోసం ఒక సమీక్ష

ఇంటర్నెట్‌లో ఉచితంగా కోడింగ్ నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ వారి ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ కోర్సును మా ప్రాంతంలో డీటీపీ పని చేసుకునేవారికీ, డిగ్రీ చదువుతూ వెబ్ డిజైన్ వైపు చూస్తున్న పిల్లలకూ నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే ఆ కోర్సును ఇచ్చింది ఇచ్చినట్టు పూర్తిచేసి ఊరుకుంటే చాలదు. అందులో చేసిన ప్రతి పేజీనీ బయటికి తెచ్చి, సొంత ఫైలులో, తెలుగు మాటలతో మళ్లీ కట్టి చూసుకోవాలి. ఆ మాట వివరంగా చెప్పడం కోసమే ఈ సమీక్ష.

నేను ఒంగోలులో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఈ మధ్య చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు, కొత్తపట్నం వైపు రొయ్యల మేత అమ్మే దుకాణాలవారు కరపత్రంతోపాటు వెబ్‌సైటు కూడా చేసిపెట్టమని అడగడం ఎక్కువైంది. కాగితం మీద పేజీ కట్టడం తెలిసినవారికి తెర మీద పేజీ కట్టడం సులువేననిపిస్తుంది గానీ, రెండింటికీ మూలంలోనే తేడా ఉంది. కరపత్రానికి ఏ4 అంటే ఏ4. అందులో ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది మనమే. వెబ్ పేజీకి కాగితం లేదు, చూసేవారి తెర ఎంతుంటే అంతే. ఆ తెర అరచేతిలో ఫోనైనా కావచ్చు, దుకాణంలో బల్ల మీదున్న మానిటరైనా కావచ్చు. సెంటీమీటర్లలో ఆలోచించే అలవాటును వదిలించి శాతాల్లో, నిష్పత్తుల్లో ఆలోచించడం నేర్పగలదా లేదా అన్నదే నాలాంటివారికి ఏ కోర్సు విషయంలోనైనా మొదటి పరీక్ష. ఈ కోర్సు ఆ పరీక్షలో నెగ్గింది.

ఫ్రీకోడ్‌క్యాంప్ 2014లో క్విన్సీ లార్సన్ మొదలుపెట్టిన సంస్థ. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. కోర్సుకు గానీ, చివర ఇచ్చే సర్టిఫికెట్‌కు గానీ రుసుము లేదు. నేను చేసింది 2022లో వచ్చిన రూపం. ఆ తర్వాత పాఠ్యక్రమాన్ని విస్తరిస్తూ మార్పులు చేశారు కాబట్టి ఇప్పుడు చేరేవారికి పాఠాల వరుస కొంత వేరుగా కనిపించవచ్చు. చిన్న చిన్న పేజీలు కడుతూ నేర్చుకునే పద్ధతి మాత్రం అదే. తెరకు ఒక పక్కన సూచన, దాని పక్కన కోడ్ రాసే చోటు, మరో పక్కన ఆ కోడ్‌తో తయారవుతున్న పేజీ ఉంటాయి. ఒక్కో అడుగులో ఒకటి రెండు వరుసలు రాయిస్తారు, అది సరిగా ఉంటేనే తర్వాతి అడుగుకు పంపుతారు. కోర్సు పేరులోని ‘రెస్పాన్సివ్’ అన్న భావనను ఈథన్ మార్కాట్ 2010లో రాసిన వ్యాసం ప్రచారంలోకి తెచ్చింది. ఒకే పేజీ తెర వెడల్పును బట్టి తన అమరికను తానే సర్దుకోవడం దాని సారాంశం.

ఇది ఉచితమన్న కారణంతో మాత్రమే నేను దీన్ని మెచ్చుకోవడం లేదు. మా మేనల్లుడు చేరిన ఒక శిక్షణ సంస్థలో ‘ఫుల్ స్టాక్’ (వెబ్‌సైటు ముందు వెనుకల పనంతా) పేరుతో రుసుమంతా ముందుగానే కట్టించుకుని, మొదటి వారంలోనే తయారు టెంప్లేట్లు చేతికిచ్చి, వాటిలో రంగులూ బొమ్మలూ మార్చడమే పాఠంగా నడిపించారు. బూట్‌స్ట్రాప్ (ముందే రాసిపెట్టిన స్టైళ్ల సంపుటి) క్లాసుల పేర్లు వాడికి నోటికి వచ్చాయి గానీ, ఆ క్లాసుల వెనుక ఏ సీఎస్ఎస్ (పేజీ రూపాన్నీ అమరికనూ నిర్ణయించే భాష) నియమం పనిచేస్తున్నదో ఎవరూ చెప్పలేదు. టెంప్లేటులో లేని వరుస ఒకటి కావలసి వచ్చేసరికి ఎటూ తోచక కూర్చున్నాడు. పిల్లవాడిలో లోపమేమీ లేదు. పునాది వేయకుండా పైకప్పు వేయించారు, అంతే. ఈ కోర్సులో తయారు టెంప్లేట్లు చేతికివ్వరు. మొదటి అడుగులో ఎదురయ్యేది ఒక శీర్షిక ట్యాగు, అంటే ‘ఇది శీర్షిక’ అని బ్రౌజరుకు చెప్పే గుర్తు.

మొదటి పాఠంలో పిల్లుల ఫొటోల పేజీ ద్వారా, పేజీలో ఏది ఏమిటో తెలిపే భాష హెచ్‌టీఎంఎల్ ట్యాగులు పరిచయమవుతాయి. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆ వెంటనే వచ్చే కాఫీ హోటల్ మెనూ పాఠం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఈ కోర్సు బోధనలోని గొప్పతనమూ, తెలుగువారికి దానిలో మిగిలే ఖాళీ కూడా అక్కడే కనిపిస్తాయి. మెనూలో ప్రతి వరుసకు ఎడమ పక్కన పదార్థం పేరు, కుడి పక్కన ధర ఉండాలి. రెండూ వేర్వేరు పేరాలు కాబట్టి మొదట ఒకదాని కింద ఒకటి పడతాయి. వాటిని ‘ఇన్‌లైన్-బ్లాక్’ (ఒకే వరుసలో పక్కపక్కన కూర్చునే పెట్టెలు) చేయిస్తారు; చెరి సగం వెడల్పు ఇస్తే వంద శాతం సరిపోవాలి కదా, అయినా ధర కిందికే జారుతుంది. కోడ్‌లో రెండు పేరాల మధ్య మనం కొట్టిన ఎంటర్‌ను బ్రౌజరు ఒక ఖాళీగా లెక్కవేసి, ఆ ఖాళీకి కూడా చోటు ఇవ్వడమే అందుకు కారణం. ముందు యాభైని నలభై తొమ్మిదికి తగ్గించి చూపిస్తారు, పని జరుగుతుంది గానీ కుడి అంచున కాస్త ఖాళీ మిగులుతుంది. తర్వాత రెండు పేరాలనూ మధ్యలో ఖాళీ లేకుండా ఒకే వరుసలోకి చేర్పించి, వెడల్పులను డెబ్భై ఐదు, ఇరవై ఐదు శాతాలకు మారుస్తారు.

నేటి వెబ్ డిజైనర్లు ఈ పనికి సాధారణంగా ఇన్‌లైన్-బ్లాక్ వాడరు. పెట్టెలను వరుసగా పేర్చే సీఎస్ఎస్ పద్ధతి ఫ్లెక్స్‌బాక్స్‌లో రెండు మాటలతో అయిపోతుంది. అయినా ఈ పాఠాన్ని ఇలా నడపడం సరైనదేనని నా అభిప్రాయం. కోడ్‌లో కంటికి ఆనని ఒక ఖాళీ తెర మీద చోటు ఆక్రమిస్తుందన్న సంగతి చేత్తో చేసి తెలుసుకున్నవారు, ముందుముందు పేజీలో ఎక్కడ కారణం తెలియని సందు కనిపించినా వెతకవలసిన చోటు వెతుకుతారు.

ఈ మెనూనే నేను తెలుగులో మళ్లీ కట్టాను. కాఫీల స్థానంలో కారం దోసె, ఉలవచారు, దొండకాయ వేపుడు, మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు పెట్టాను. పొట్టి పేర్లకు ఏ ఇబ్బందీ లేదు. చేపల పులుసు పేరు ఫోన్ తెర మీద రెండు వరుసలైంది, ధర పోయి రెండో వరుస పక్కన నిలబడింది. ఇన్‌లైన్-బ్లాక్‌లో ఉన్న అంశం తన చివరి వరుస అడుగు గీతను పక్కవాటితో కలుపుకొంటుంది కాబట్టి అలా జరుగుతుంది. నిలువు అమరికను చెప్పే ‘వర్టికల్-అలైన్’కు ‘టాప్’ అని ఇస్తే ధర మొదటి వరుసకు ఎక్కుతుంది. కోర్సులోని కాఫీ పేర్లన్నీ ఒక్క వరుసలో ఇమిడేవే కాబట్టి ఈ సంగతి అక్కడ తలెత్తదు. తెలుగులో పదాలు పొడవు, సమాసాలు మరీ పొడవు. వరుస తెగినప్పుడు ఏమవుతుందో ముందే చూసుకోవలసిన అవసరం మనకు ఎక్కువ.

అదే మెనూలో శీర్షికలకు ‘ఇంపాక్ట్’ అనే ఫాంటు పెట్టిస్తారు, స్థాపించిన సంవత్సరం రాసే వరుసను ఇటాలిక్ చేయిస్తారు. ఇంపాక్ట్‌లో తెలుగు అక్షరాలు లేవు. అందువల్ల బ్రౌజరు ఆ కంప్యూటరులో ఉన్న వేరే తెలుగు ఫాంటును తెచ్చుకుంటుంది. విండోస్‌లో నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో నోటో గానీ కనిపిస్తుంది. మనం చూసిన శీర్షిక ఒకటి, గ్రాహకుడు చూసే శీర్షిక మరొకటి అవుతుంది. ఇటాలిక్ సంగతి ఇంకా ఇబ్బంది. తెలుగు ఫాంట్లలో సాధారణంగా వాలు అక్షరాలు విడిగా గీసి ఉండవు కాబట్టి బ్రౌజరు ఉన్న అక్షరాన్నే పక్కకు వంచుతుంది, గుండ్రని మన అక్షరాలకు అది అసలు నప్పదు. తెలుగులో ఒక మాటను ప్రత్యేకంగా చూపాలంటే రంగో, మందమో వాడటం మేలు.

మందంలోనూ ఒక చిక్కుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, నేను పేరాలకు తరచుగా దాన్నే వాడతాను. కానీ అది ఒకే మందంలో ఉంది. హెచ్‌టీఎంఎల్ శీర్షిక ట్యాగులు వాటంతటవే బోల్డ్ అడుగుతాయి. మండలిలో బోల్డ్ లేకపోయేసరికి బ్రౌజరు అక్షరం అంచులను ఉబ్బిస్తుంది, దాంతో ‘క్ష’, ‘ణ’, ‘ఱ’ వంటి అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి. శీర్షికలకు రామభద్ర వంటి సహజంగానే బరువైన ఫాంటు తీసుకుని ‘ఫాంట్-వెయిట్’ను ‘నార్మల్’గా ఉంచడం ఒక దారి. సన్నం నుంచి మందం వరకూ అన్ని స్థాయిలూ ఉన్న నోటో సాన్స్ తెలుగు వాడటం మరో దారి.

వరుసల మధ్య దూరం అన్నింటికన్నా ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ‘లైన్-హైట్’ మనకు చాలదు. పైన గుడి, కింద ఒత్తు, కొన్నిసార్లు ఒత్తు కింద మరో ఒత్తు ఉండే లిపి మనది. ‘లక్ష్మీ వస్త్రాలయం’ అన్న మాటను పెద్ద అక్షరాల్లో రెండు వరుసలుగా పెట్టి, లైన్-హైట్‌ను 1.2గా ఉంచి చూడండి: పై వరుసలోని మ వత్తు కింది వరుస మీదికి దిగి తగులుకోవడం కనిపిస్తుంది. పేరాలకు 1.7 ప్రాంతంలో, శీర్షికలకు 1.4కు తగ్గకుండా ఉంచడం నా పద్ధతి. శుభలేఖల్లో లీడింగ్ సర్దుతూ వచ్చినవారికి ఇది కొత్త కాదు. వెబ్‌లో ఒక జాగ్రత్త అదనం: పెట్టెకు నిర్ణీత ఎత్తు ఇచ్చి, మిగిలింది దాచమని చెబితే ఒత్తులు సగానికి తెగిపోతాయి. బటన్ల మీద తెలుగు రాసినప్పుడు ఇది మరీ ఎక్కువ, అందుకే ఎత్తు ఇవ్వకుండా ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ పెట్టె లోపలి ఖాళీ) ఇవ్వాలి.

డీటీపీ నుంచి వచ్చేవారు తెలుసుకోవలసిన మరో మాట. డీటీపీ సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన పాత మ్యాటరును యథాతథంగా వెబ్ పేజీలో అతికిస్తే తెలుగు రాదు, అర్థంలేని గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లు, అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో కాక తమ సొంత సంకేతాల్లో అక్షరాలను దాచుకుంటాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒకసారి చదివి తప్పులు దిద్దుకున్నాకే పేజీలో పెట్టాలి. పేజీ తల భాగంలో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) అని ప్రకటించాలి. ఇది కోర్సులో నేర్పుతారు. భాషను తెలిపే ‘లాంగ్’ గుణానికి కోర్సులో ఇంగ్లీషు సంకేతం రాయిస్తారు, తెలుగు పేజీకి అక్కడ తెలుగు సంకేతం ఉండాలి. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఏ భాష గొంతుతో చదవాలో తెలుసుకునేది దాని ద్వారానే.

ఆ ప్రస్తావన వచ్చింది కాబట్టి, అందరికీ అందుబాటులో ఉండేలా పేజీ కట్టడంపై ఈ కోర్సు చూపే శ్రద్ధను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. క్విజ్ పేజీ కట్టించే పాఠంలో ప్రతి ప్రశ్నకూ దాని పెట్టెకూ ‘లేబుల్’ ద్వారా ముడివేయడం, బొమ్మకు ‘ఆల్ట్’ వివరం రాయడం, తెర మీద కనపడకుండా చదివే సాఫ్ట్‌వేరుకు మాత్రమే వినపడే మాటలు చేర్చడం నేర్పుతారు. మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లేత పసుపు మీద నారింజ రంగు అక్షరాలు ఫ్లెక్సీ మీద దూరం నుంచి వెలిగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ పట్టుకున్న రైతుకు అవి కనపడవు. మా వృత్తిలోనివారు ఈ పాఠాన్ని రెండుసార్లు చేయాలి.

ఫ్లెక్స్‌బాక్స్ నేర్పే ఫొటో గ్యాలరీ పాఠం వ్యాపార పేజీలకు నేరుగా పనికొస్తుంది. అందులో బొమ్మలన్నీ ఒకే కొలతలో కనపడటానికి ‘ఆబ్జెక్ట్-ఫిట్’కు ‘కవర్’ అని ఇప్పిస్తారు, అంటే పెట్టెలో పట్టని అంచులు కత్తిరించుకుపోతాయి. పిల్లి ఫొటోకు అది చాలు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకను కొనేవారు అంచులు కూడా చూడాలి, మచ్చలూ చారలూ అక్కడ కూడా ఉండవచ్చు. అటువంటి పేజీకి ‘కంటైన్’ ఇచ్చి, చుట్టూ కాస్త ఖాళీ మిగిలినా పలక మొత్తం కనపడేలా పెట్టాలి. ఇంతకుముందు వేరెవరో కట్టిన పేజీ పట్టుకొచ్చి ఒక వ్యాపారి నాతో, “అన్నా, ఫోన్లో తెరిస్తే రాళ్లన్నీ పక్కకి పోతన్నయ్యి, ఏలు పెట్టి జరుపుకుంటా పోవాల” అన్నాడు. ఆ పేజీలో బొమ్మల వెడల్పు పిక్సెళ్లలో బిగించి ఉంది, తల భాగంలో, పేజీని ఫోన్ వెడల్పుకు సర్దమని బ్రౌజరుకు చెప్పే వ్యూపోర్ట్ ట్యాగు లేదు. ఈ కోర్సు సగం చేసినవారెవరైనా ఆ రెండు లోపాలనూ పట్టుకోగలరు.

పియానో, ఎత్తైన భవనాలు, తిరిగే రంగులరాట్నం, పెంగ్విన్ కట్టించే పాఠాలు చూడటానికి ఆటలా ఉంటాయి. సీఎస్ఎస్ వేరియబుల్స్ (పేరు పెట్టి దాచుకునే విలువలు), మీడియా క్వెరీలు (తెర వెడల్పును బట్టి మారే నియమాలు), యానిమేషన్లు వాటి ద్వారానే వస్తాయి కాబట్టి దాటవేయకూడదు. పేజీని అడ్డనిలువు గళ్లలో అమర్చే గ్రిడ్ నేర్పే పత్రిక పేజీ పాఠం మాత్రం పేపరు పని తెలిసినవారికి పండుగ. కాలమ్‌లు, బాక్సు ఐటమ్‌లు, కాలమ్‌లు దాటి పరుచుకునే శీర్షికలు, మనకు చేయితిరిగిన పనులన్నీ అక్కడ సీఎస్ఎస్ భాషలో ఎదురవుతాయి. గ్రిడ్ ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది 2017లో. అంతకుముందు ఈ అమరిక కోసం డిజైనర్లు పడిన పాట్లు ఇప్పుడు నేర్చుకునేవారికి లేవు.

ఇక లోపాలు. అడుగులు మరీ చిన్నవి కావడం మొదట్లో వరమే గానీ, సగం దాటాక ఆలోచించకుండా సూచనను కోడ్‌గా మార్చి ముందుకు పోయే అలవాటుకు దారి ఇస్తుంది. 2022 రూపంలో సర్టిఫికెట్ కోసం చేయవలసిన ఐదు ప్రాజెక్టుల్లో, అంటే సర్వే ఫారం, నివాళి పేజీ, సాంకేతిక పత్రం, ఉత్పత్తి పేజీ, సొంత పోర్ట్‌ఫోలియోల్లో, అడుగడుగు సూచనలు ఉండవు. నెరవేర్చవలసిన షరతుల జాబితా మాత్రం ఉంటుంది. అసలు నేర్పు అక్కడ తేలుతుంది. అయితే ఆ షరతులను పరీక్షించేది యంత్రం. ఫలానా ఐడీ (అంశానికి పెట్టే పేరు) ఉన్నదా, ఫలానా ట్యాగు ఉన్నదా అని అది చూడగలదు, పేజీ అందంగా ఉన్నదో లేదో చూడలేదు. పరీక్షలన్నీ నెగ్గిన పేజీ కంటికి ఏ మాత్రం ఇంపుగా లేకపోవచ్చు. కాబట్టి చేసిన పేజీని అనుభవం ఉన్న ఎవరికైనా చూపించుకోవాలి.

ఈ కోర్సులో నేను చూసిన పెద్ద ఖాళీ మరొకటి. 2022 రూపంలో పనంతా వారి బ్రౌజరు పెట్టెలోనే జరుగుతుంది. ఫోల్డరు తయారుచేయడం, అందులో బొమ్మలకు వేరే ఫోల్డరు పెట్టుకోవడం, దాని దారిని సరిగా రాయడం, పేజీని ఇంటర్నెట్‌లో పెట్టడం ఆ పాఠాల్లో భాగం కాదు. అందువల్ల ప్రతి పాఠం ముగిశాక కంప్యూటరులో కోడ్ రాసే సాఫ్ట్‌వేరు వీఎస్ కోడ్ తెరిచి, ఖాళీ ఫైలులో అదే పేజీని చూడకుండా రాయడానికి ప్రయత్నించాలి. ఎక్కడ ఆగిపోతే ఆ భాగం రాలేదన్నమాట. సందేహం వచ్చినప్పుడు వెబ్ భాషల వివరాలు చెప్పే మొజిల్లా వారి ఎండీఎన్ సైటు పుటలు చూడటం మంచిది. ప్రతి గుణానికీ అక్కడ వివరమైన ఉదాహరణలు ఉంటాయి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి ఫోన్ వెడల్పులో పేజీని చూసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో పేజీని ఉచితంగా పెట్టవచ్చు.

ఇందులో జావాస్క్రిప్ట్ (పేజీ చేత పనులు చేయించే భాష) లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మెనూ తెరుచుకోవడం, ఫారంలో నింపినది సరిచూడటం, ధరల మొత్తం లెక్కకట్టడం వంటివి చేయాలంటే ఆ సంస్థదే మరో కోర్సు చేయాలి. ఇది ఒక్కటీ పూర్తిచేసి ఫ్రంట్-ఎండ్ (వెబ్‌సైటులో కనిపించే భాగం కట్టే) డెవలపర్‌నని చెప్పుకోవడానికి లేదు. ఒక దుకాణానికో, కల్యాణ మండపానికో చక్కని సమాచార పేజీ కట్టి ఇవ్వడానికి మాత్రం ఇది సరిపోతుంది.

పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. స్పానిష్, పోర్చుగీసు, ఉక్రేనియన్ వంటి భాషల్లోకి వెళ్లాయి గానీ తెలుగులో లేవు. వాక్యాలు చిన్నవి, తేలికైనవి. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన పిల్లలు కూడా పక్కన ఒకరు కొద్దిరోజులు కూర్చుంటే అందుకోగలరు. కంప్యూటరు మాత్రం కావాలి. ఫోన్ తెర మీద సూచన, కోడ్, పేజీ మూడూ చూస్తూ రాయడం కష్టం. డబ్బు పెట్టి ల్యాప్‌టాప్ కొనలేనివారు పాత డెస్క్‌టాప్‌తో మొదలుపెట్టవచ్చు, బ్రౌజరు నడిస్తే చాలు.

సర్టిఫికెట్‌కు ఎవరైనా తెరిచి చూడగల లింకు వస్తుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారు ఆ లింకు ఒక్కటే పంపకుండా, తాము ఖాళీ ఫైలు నుంచి కట్టిన రెండు మూడు పేజీల లింకులు కూడా పంపాలి. మా మేనల్లుడు ఇప్పుడు ఈ కోర్సులో గ్రిడ్ పాఠం దాకా వచ్చాడు, పత్రిక పేజీని తెలుగులో కడుతున్నాడు. జావాస్క్రిప్ట్ కోర్సు గురించి, వాడూ నేనూ దాన్ని పూర్తిచేశాక విడిగా రాస్తాను.